అక్క డబ్బాలో మాత్రలు

మా బావ బస్సు డ్రైవరు. పోయిన ఏడాది నుంచీ ఆయన సీట్లో కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు. కాసేపు కుడివైపు ఒరుగుతాడు, కాసేపు ఎడమవైపు. సిగ్నల్ పడితే స్టీరింగ్ పట్టుకుని లేచి నిలబడతాడు. ఆఖరి స్టాపులో అందరం టీ తాగుతుంటే బస్సు చుట్టూ తిరుగుతూ టైర్లను తన్ని చూస్తాడు. ఆ బస్సుకి నేనే కండక్టర్ని.

"బావా, టైర్లకి నువ్వంటే దడ పట్టుకుంది," అంటే నవ్వడు. డిపోలో అందరికీ పేర్లు పెట్టి ఏడిపించిన మనిషి. సీట్లో కూర్చోలేక అవస్థపడే ఒక డ్రైవరుకి 'పెనం' అని పేరు పెట్టింది ఈయనే. అలాంటివాడు మూతి ముడుచుకుంటే నాకు ఒళ్ళు మండేది.

అక్కది నిలబడి చేసే పని. లాండ్రీలో ఇస్త్రీ బల్ల ముందు నిలబడీ నిలబడీ పిక్కల మీద నరాలు తాళ్ళలా ఉబ్బాయి. ఆసుపత్రిలో డాక్టరమ్మ మాత్రలు రాసింది, బిగుతు మేజోళ్ళు వేసుకోమంది. "ఉబ్బిన నరాన్ని మాత్ర మాయం చెయ్యదమ్మా. బరువూ వాపూ తగ్గిస్తుంది, అంతే," అని ముందే చెప్పింది. తగ్గింది కూడా. అక్క ఆ మాత్రలన్నీ అట్టల్లోంచి ఒలిచి ఒక రేకు డబ్బాలో పోసుకునేది. రోజూ అట్ట చించే ఓపిక ఎవరికుంది అనేది. ఆ ఓపిక లేకపోవడమే కొంప ముంచింది.

కొన్నాళ్ళకి కాళ్ళు మళ్ళీ బరువెక్కాయి. సాయంత్రానికి చెప్పులు పట్టడం లేదు. డాక్టరమ్మ పెదవి విరిచి, "మాత్రలు పనిచెయ్యడం లేదు. ఆపరేషన్ చేసేద్దాం," అంది. సూది చూస్తేనే హడలిపోయే అక్క, తప్పదు కదా అని ఒప్పుకుంది.

ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టాల్సిన రోజు పొద్దున బావ బస్సుని ఎలా నడిపాడో ఆ దేవుడికే తెలియాలి. ఆఖరి స్టాపులో నన్ను బస్సు వెనక్కి లాక్కెళ్ళాడు.

"మీ అక్క మింగుతున్నవి ఆ మాత్రలు కావురా."

"మరేంటి?"

"బలం మాత్రలు. రంగు కలిసిందని కొని పోశాను. అసలువి నేను మింగుతున్నా."

ఆయన నా మొహం చూడకుండా, చక్రం వైపు తిరిగి చెప్పాడు. దొడ్డికి వెళ్తే రక్తం పడుతోందట. ఇవే మాత్రలు మొలలకి కూడా ఇస్తామని డాక్టరమ్మ ఒకసారి అక్కతో అంటుంటే విన్నాడట.

"నువ్వే కొనుక్కోవచ్చుగా బావా?"

"డిపో ఎదురుగా ఉన్న షాపులోనా? సాయంత్రానికల్లా 'పెనం' నా దగ్గరికొచ్చి తన పేరు నాకిచ్చేసి పోతాడు."

నవ్వొచ్చింది, ఆ వెంటనే చచ్చేంత కోపమొచ్చింది. "అవతల అక్కని కోస్తారు, తెలుస్తోందా?"

"చెబితే నన్ను పరీక్ష చేస్తారు కదరా." గొంతు తగ్గించాడు. "రక్తం తగ్గింది. మాత్రకి తగ్గిందంటే మొలలే కదా? ఇంకోటి కాదు కదా?"

ఆ 'ఇంకోటి' ఏమిటో నేనడగలేదు. నువ్వు చెప్పకపోతే నేను చెప్తా అన్నాను.

మధ్యాహ్నం డాక్టరమ్మ కాగితం ముందుకు జరిపింది. అక్క పెన్ను అందుకుంది. బావ కిటికీ దాకా వెళ్ళాడు, తలుపు దాకా వచ్చాడు, మళ్ళీ కిటికీ దగ్గరికి పోయాడు. నేను నోరు తెరవబోయాను.

"ఆగవే, పెట్టకు," అన్నాడు. ఉన్నదంతా కక్కేశాడు.

డాక్టరమ్మ తిట్టలేదు. రక్తం ఎన్నాళ్ళ నుంచి, బరువేమైనా తగ్గారా అని అడిగింది. బావ బెల్టుకి కొత్తగా పొడిచిన చిల్లు చూపించాడు.

"ఈ మాత్ర మొలల బాధనీ రక్తాన్నీ కొంత తగ్గిస్తుంది. చాలామందికి పెద్దగా హాని చెయ్యదు, కడుపులో కాస్త తేడా చేస్తే చెయ్యొచ్చు. కానీ రక్తం ఎక్కణ్ణుంచి వస్తోందో మాత్ర చెప్పదండీ. అది మనమే చూడాలి."

అక్క పైకప్పు ఎగిరిపోయేలా అరుస్తుందనుకున్నాను. ఆవిడ మాత్రల మాటే ఎత్తలేదు. బావనే చూస్తూ, "మామయ్యగారికి ఇలాగే మొదలైందా?" అంది.

వాళ్ళ నాన్న కామెర్లతో పోయారనే మాకందరికీ చెప్పాడు బావ. ఇప్పుడు తల ఊపాడు. "నాన్న కూడా మొలలే అనుకున్నాడు. పేగులో రాచపుండని తెలిసేసరికి చెయ్యి దాటిపోయింది."

అక్క పెన్ను కింద పెట్టేసింది. "ముందు ఆయన్ని చూడండి డాక్టరమ్మా. నా కాళ్ళు ఎక్కడికీ పోవు."

బావని తెర వెనక్కి తీసుకెళ్ళారు. మేమిద్దరం ఇవతల ఉండిపోయాం. కాసేపటికి డాక్టరమ్మ గొంతు వినిపించింది: "మొలలైతే ఉన్నాయి. అయినా పేగు లోపల కూడా గొట్టం వేసి చూద్దాం, రేపే రండి."

తర్వాత బావ, చీకట్లో పిల్లాడు పిలిచినట్టు పిలిచాడు.

"ఏమే, ఉన్నావా?"

"ఉన్నానండీ, ఇక్కడే ఉన్నాను," అంది అక్క. ఏడుపు వినబడకుండా కొంగు నోట్లో కుక్కుకుంది.