మంచు మీద నాటు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. చచ్చినవాళ్ళు చచ్చినట్టే. తిరువూరు చుట్టుపక్కల పొలాల్లో నలభై ఏళ్ళు కూలికి పోయాను. చీకట్లో పాముల్ని తొక్కాను గాని దయ్యాన్ని చూడలేదు. ఇంకొకరు ఈ సంగతి చెబితే నేనే నవ్వేదాన్ని. అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. ఉన్నది ఉన్నట్టు రాయడం తప్ప నాకు వేరే రాత రాదు.

ముందు నా చెల్లెలు సుగుణ సంగతి చెప్పాలి. నాట్లు వేసేటప్పుడు ఆడవాళ్ళం వరసగా వంగి, వెనక్కి అడుగులు వేసుకుంటూ పోతాం. వెనక ఏముందో కనపడదు. అందుకని చివర ఉన్న మనిషి అప్పుడప్పుడు తలెత్తి చూసి, గట్టు దగ్గర పడితే "గట్టూ!" అని కేకేస్తుంది. అందరూ ఆగుతారు.

ఆ రోజు పెనుగొలను పొలంలో చివర ఉన్నది నేను. అన్నం క్యారేజీ ఎవరు మొయ్యాలని పొద్దున్నే సుగుణకూ నాకూ మాటామాటా వచ్చింది. నేను మూతి ముడుచుకుని ఉన్నాను. ఆమె వెనక ఉన్నది గట్టు కాదు, గోడ లేని నేలబావి. నేను చూశాను. ఎవరో ఒకరు చెబుతారులే అనుకున్నాను. ఎవరూ చెప్పలేదు. సుగుణ వెనక్కి అడుగేసి బావిలో పడి చచ్చిపోయింది. చెప్పాల్సింది నేనే కదా.

ముప్ఫై ఏళ్ళు దాటింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి నేను ఆ కేక వెయ్యలేదు. నేను చూశానన్న మాట మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

కిందటి చలికాలం నా కూతురు రూతుకు ఒంట్లో బాగాలేకపోతే లడాఖ్ వెళ్ళాను. అల్లుడు అక్కడ రోడ్ల మీద మంచు తీసే బండ్లకు మెకానిక్కు. ముప్ఫై ఇళ్ళు కూడా లేని ఊరు. ఊరి కింద మడుగు గడ్డకట్టి బండలా ఉంటుంది. పిల్లలు దాని మీద మంచు ఊడ్చుకుని, అడుగున ఇనుప బద్దలున్న బూట్లతో జారుతూ ఆడతారు. పెద్దవాళ్ళు కాళ్ళకు పొడుగాటి చెక్కలు తగిలించుకుని, చేతికర్రలు పొడుచుకుంటూ మంచు మీద పక్క ఊరికి నడిచిపోతారు. నన్నూ ఒకరోజు ఆ చెక్కల మీద ఎక్కించారు. పదడుగులు వేసి కూలబడ్డాను. పక్కింటి ముసలాయన నవ్వి నవ్వి దగ్గాడు. నేనూ నవ్వాను.

మనవరాలు స్నేహకు ఎనిమిదేళ్ళు. అది వెనక్కి జారడం నేర్చుకుంది. చూడగానే ఒడ్డు దాకా వచ్చి నిలబడ్డాను.

"ముందుకు చూసి పోవే తల్లీ! నీకు వీపున కళ్ళున్నాయా?"

"నువ్వున్నావుగా అమ్మమ్మా, చెప్పు!"

పొలంలో "గట్టూ" అంటే అందరూ ఆగిపోతారని చెప్పాను. అంతవరకే చెప్పాను. ఆ కేక వెయ్యమని అది ప్రాణం తీసింది. మీ నాన్నను అడగమన్నాను.

ఒక ఆదివారం, బాగా ఎండొచ్చాక, అల్లుడూ స్నేహా నేనూ మడుగు దగ్గరికి వెళ్ళాం. రాత్రి పల్చగా మంచు పడింది, ముగ్గుపిండి జల్లినట్టు. మాకంటే ముందు ఎవరూ రాలేదు. ఒడ్డున ఒక్క అడుగు లేదు.

మడుగు మీద మాత్రం ఉన్నాయి. మా ఒడ్డు నుంచి లోపలికి, జానెడు జానెడు దూరంలో, మూడు వేళ్ళు గుచ్చినట్టు గుంటలు. వరసలు వరసలుగా, నాటు వేసినట్టే. వాటి మధ్య ఉత్త పాదాలు. వేళ్ళన్నీ మా వైపే. ఎడమ పాదానికి చిటికెనవేలు లేదు. సుగుణకు ఆ వేలు కొడవలికి తెగిపోయింది.

మడుగులో ముప్పాతిక దూరం పోయాక వరసలు ఆగిపోయాయి. అక్కడ రెండు పాదాలు పక్కపక్కన ఉన్నాయి. ఆ తర్వాత ఏమీ లేదు.

"పక్షులు పొడిచుంటాయి అత్తయ్యా," అన్నాడు అల్లుడు.

"పక్షికి అంత పాదం ఉంటుందా బాబూ?"

"ఎండకు కరిగి అలా కనపడతాయిలెండి." చీపురు తీసుకుని ఊడ్చుకుంటూ పోయాడు. ఆ రెండు పాదాల దాకా ఊడ్చి, ఇక చాలనుకుని వచ్చేశాడు.

స్నేహ ఒక చుట్టు తిరిగింది. తర్వాత నా వైపు మొహం పెట్టి నవ్వుతూ వెనక్కి జారింది, తిన్నగా ఆ పాదాల మీదికి. ఎవరో ఒకరు చెబుతారులే అనిపించింది. ఆ రోజు అనిపించినట్టే. ఇంకో రెండు బారలు పోతే దాటేస్తుంది.

"గట్టూ!"

నా కేకకు పిల్ల టక్కున ఆగింది. దాని మడమలు సరిగ్గా ఆ పాదాల దగ్గరే ఉన్నాయి.

అల్లుడు నా మొహం చూశాడు. గునపం తెచ్చి ఆ పాదాలకు అవతల పొడిచాడు. ఒక్క పోటుకే దిగిపోయింది. నల్లటి నీళ్ళు ఉబికి వచ్చాయి. అతను పిల్లను ఎత్తుకుని ఒడ్డుకు నడిచాడు.

అడుగున ఊట ఉందన్నాడు, తర్వాత వచ్చి చూసిన పక్కింటి ముసలాయన. కానీ నిన్న సాయంత్రం దాకా పిల్లలు అక్కడే ఆడారని కూడా అన్నాడు.

మధ్యాహ్నానికి ఆ పాదాలు ఎండకు పోయాయి. అల్లుడు చెప్పినట్టు ఎండే కావచ్చు, పక్షులే కావచ్చు. ఎన్నిసార్లు సరిపెట్టుకున్నా ఒక్కటి మాత్రం తెగదు. నాటు వేసే మనిషికి వెనక ఏముందో కనపడదు, ఎవరో ఒకరు కేకేస్తేనే ఆగుతుంది. సుగుణకు ఆ రోజు నేను చెప్పలేదు.

మరి ఇక్కడ ఆమెను ఆగమని ఎవరు చెప్పారు? నాకు తెలియదు.