పది నెలలు మానేశాక

నేను గూడ్స్ రైలు నడుపుతాను. అప్పటికి మందు మానేసి పది నెలలైంది. ఇక దాని పీడ విరగడైందనే అనుకున్నాను.

ఆ మధ్యాహ్నం గన్నవరం దాటి విజయవాడ వైపు వస్తున్నాం. పట్టాల మధ్య గడ్డిమోపు ఒకటి కదులుతూ కనిపించింది. దాని కింద ఒక ముసలామె. హారన్ కొడుతూనే ఉన్నాను, ఆమె తలెత్తలేదు. ఎమర్జెన్సీ బ్రేక్ వేశాను. నిండు లోడుతో ఉన్న బండి వేసిన చోట ఆగదు. మోపు ఇంజను కిందికి వెళ్లడం చూశాను. ఆమె ఏమైందో కనబడలేదు.

బండి ఆగాక నా అసిస్టెంటు దిగి వెనక్కి పరిగెత్తాడు.

"బతికే ఉందండీ! మోపు వదిలి పక్కకి దూకేసింది. రైలుకట్ట దిగువన కూర్చుని మనల్నే తిడుతోంది!" అని కేకేశాడు.

అతను నవ్వుతున్నాడు. నాకు బ్రేకు మీంచి చెయ్యి రాలేదు.

డ్యూటీ దిగి సిటీ బస్సెక్కాను. మా ఇల్లు భవానీపురంలో. ఒక స్టాపు ముందే దిగి వైన్ షాపు వైపు నడిచాను. చేతులు వణక్కుండా ఉండటానికి, ఒక్కసారికే అనుకున్నాను. క్వార్టరు సీసా ఖాళీ అయ్యేసరికి వణుకు తగ్గింది. అప్పుడు పట్టుకుంది అసలు భయం. పొద్దున ఆరింటికి మళ్లీ డ్యూటీ. బండెక్కే ముందు, తాగలేదని గొట్టంలోకి ఊది చూపించాలి. దొరికిపోతానని కాదు నా భయం. దొరక్కపోతే? అలవాటై, ఏదో ఒక రోజు తాగిన మత్తులోనే బండెక్కితే?

తలుపు తీసిన నా భార్యకు వాసన తెలిసిపోయింది.

"తాగారా?"

"ఊఁ."

"ఏం జరిగిందండీ?"

చెప్పాను.  ఆమె నా జేబులోంచి ఫోను తీసి చేతిలో పెట్టింది.

"మీ ఇన్‌స్పెక్టరు గారికి చెప్పండి. ఇప్పుడే. తెల్లారితే మీరు చెప్పరు."

మా డ్రైవర్ల మీద అధికారి ఆయన. నంబరు నొక్కుతుంటే ఉద్యోగం పోయినట్టే అనిపించింది.

"సార్, తాగాను. రేపు బండెక్కలేను."



"పొద్దున రావయ్యా. బండెక్కడానికి కాదు, డాక్టరు దగ్గరికి పోదాం," అన్నారాయన.

రెండు నెలలు నన్ను ఇంజను ఎక్కనివ్వలేదు. "భయమేస్తే మీ ఒంటికి తెలిసిన దారి అదొక్కటే. ఇంకో దారి అలవాటు చెయ్యాలి," అన్నారు డాక్టరు గారు.

ఇప్పుడు మళ్లీ నడుపుతున్నాను. పట్టాల మీద ఏ నీడ కదిలినా నోరెండిపోతుంది. అలాంటి రోజు డ్యూటీ దిగగానే ఇంటికి ఫోను చేస్తాను. మా ఆవిడ ఆటోలో స్టేషనుకే వచ్చేస్తుంది. ఇల్లు చేరేదాకా జరిగిందంతా ఆమెకు చెబుతూనే ఉంటాను. నిన్న కూడా వచ్చింది.