చిన్న బ్యాటరీ, వెనక్కి జరిగిన సీటు

దయ్యాలున్నయా టీచర్ అని ఏడాదికొక్కసారన్న ఏదో ఒక పిల్ల అడుగుతది. లేవు, కూసో అంట. ఎల్లారెడ్డి హైస్కూల్ల పిల్లలకు ఫిజిక్స్ చెప్పుకుంట బతుకుతున్నదాన్ని, నాకు గసొంటి నమ్మకాలేంది? మా అత్త బతికున్నప్పుడు నిమ్మకాయలు, దిష్టి తీసుడు అంటే ఎదురు మాట్లాడి తిట్లు తిన్న. ఇప్పటికి గూడ నమ్మ. అయినా ఒక పొద్దు జరిగిన సంగతి చెప్పాలె. అది ఇంతవరకు నా లెక్కకు అందలే.

మా ఇల్లు కామారెడ్డిల. మా ఆయనకు విత్తనాల దుకాణం ఉండె. మాకు పిల్లలు లేరు. ఆయన ముచ్చటపడి ఒక హైబ్రిడ్ కారు కొన్నడు. ఇగ అప్పటిసంది వడ్ల విత్తనాలకు వచ్చిన రైతును గూడ కూసోబెట్టి దాని కథ చెప్పుడే.

"ఇండ్ల రెండు బ్యాటరీలుంటయి పటేలా. పెద్దది మహారాజు, చిన్నది దర్వాన్. దర్వాన్ తలుపు తియ్యకపోతే మహారాజు లోపల్నే పడుండాలె."

మాట నిజమే. బండిని నడిపే పెద్ద బ్యాటరీ వేరే ఉంటది. తాళాలు, లైట్లు, లోపలి కంప్యూటరు అన్నీ పన్నెండు వోల్టుల చిన్న బ్యాటరీ మీద నడుస్తయి. ఆ చిన్నది పడుకుంటే, పెద్దది నిండుగ ఉన్నా బండి లేవది. బండి తియ్యకుండ పెడితే చిన్నది మెల్లగ దిగిపోతది. అందుకే మా ఆయన ప్రతి బేస్తారం, అంటే గురువారం పొద్దున బండ్ల కూసోని బటన్ నొక్కి, 'రెడీ' అని పచ్చ లైటు వచ్చినంక ఏసీ పెట్టుకోని చాయ్ తాగెటోడు. రెడీల ఉన్నంతసేపు పెద్దది చిన్నదానికి ఛార్జింగ్ ఇస్తది. నేను వెనక డిక్కీ తెరిచి, కుడి పక్కకున్న చిన్న బ్యాటరీకి మల్టీమీటర్ పెట్టి చూడాలె.

"ఎంతున్నది టీచరమ్మా?" అని సీట్లకెంచి అరిచెటోడు.

పధ్నాలుగు అని నేను చెప్తే చాయ్ కప్పు పైకెత్తి చూపెటోడు. ఛార్జింగ్ సక్కగ ఎక్కుతున్నట్టు లెక్క. మా ఇద్దరి సంసారంల సరదా అంటే గదే. నవ్వుకుంటే నవ్వుకోండ్రి.

మనిషి ఒకనాడు దుకాణంల కుర్చీల కూసున్నోడు కూసున్నట్టే పోయిండు. ఆ ముచ్చట రాయబుద్ధి కాదు.

ఆయన తమ్ముడు పిట్లంల ఉంటడు. మంచోడే, కాని పట్టిన పట్టు ఇడువడు. ఒక్కదానివి ఆ ఇంట్ల ఎందుకు వదినా, ఇల్లు కిరాయికిచ్చి మా ఇంటికి రా అని ఒకటే పోరు. నేను బస్సుల ఎల్లారెడ్డికి పోయి వస్తున్న, ఐతారం ఐతారం బండి నేర్చుకుంటున్న. ఒకపారి వానకాలంల బండి లేవకపోతే మరిదే పిట్లంకెంచి వచ్చి లేపిండు. గప్పుడు చెప్పిండు: "ఈ పెత్రమాసకు నువ్వే నడుపుకుంట ఎల్లారెడ్డికి రా వదినా. వస్తే నీ బండి నీదే, నీ ఇల్లు నీదే, నేను మళ్ళ నోరు తెరవ. రాలేదనుకో, డ్రైవర్‌ను తోలుత. బండీ నువ్వూ పిట్లం రావాలె."

సరే అన్న. రోషానికి నాకేం తక్కువ?

పెత్రమాస అంటే మా దిక్కు పెద్దల అమావాస్య. పోయినోళ్ళ పేరు మీద పూజలు చేసే అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇస్తరు. మా ఆయనను పెద్దలల్ల కలిపినంక వచ్చిన మొదటి పెత్రమాస అది. వాళ్ళ అయ్యగారు ఎల్లారెడ్డిల ఉంటడు. మధ్యాహ్నం దాటకముందే ఇయ్యాలె. ఇచ్చేది తమ్ముడే, బియ్యం తెచ్చేది మాత్రం నేను.

ముందటి రోజు పొద్దుగాలనే బజారుకు పోయి అన్నీ కొన్న. ఆయన పేరున ఒక పెద్ద గుమ్మడికాయ గూడ తీసుకున్న. అప్పుడే డిక్కీల సర్ది మూత వేసిన. మూత పడ్డదనుకున్న. ఆ గుమ్మడికాయ తొడిమ అడ్డం పడి మూత సందు ఉండిపోయిందని, లోపల లైటు వెలుగుతనే ఉందని నేను చూడలే.

తెల్లారి కీ నొక్కితే బండి పలుకలే. కీ లోపలి ఇనుప తాళంచెవితోని డోర్ తీసిన. బటన్ నొక్కితే డ్యాష్‌బోర్డ్ మీద చిన్న మెరుపు గూడ లేదు. వెనకకు పోయి చూస్తే సంగతి తెలిసింది. మీటర్ పెట్టిన. ఏడు వోల్టుల చిల్లర. బండి ఆగి ఉన్నప్పుడు మంచి బ్యాటరీ పన్నెండున్నర చూపియ్యాలె. ఏడంటే ఖతం. మీటరే చెడిపోయిందేమో అని ఇంట్ల ఇన్వర్టర్ బ్యాటరీకి పెట్టి చూసిన. దానికి సక్కగనే చూపించింది. మళ్ళొచ్చి బండికి పెట్టిన. ఏడే.

మెట్టు మీద కూసోని ఏడ్సిన. బండి కోసం కాదు. పిట్లంల ఒక అర్రల, ఎవరి వంటింట్లనో చాయ్ అడుక్కొని తాగే బతుకు కండ్ల ముందు కనబడ్డది.

మెకానిక్‌కు ఫోన్ చేసిన. "ఇయ్యాల పెత్రమాస కదమ్మా, ఇంట్ల పెద్దలకు పెట్టుకుంటున్నం, మధ్యాహ్నం దాటినంక వస్త" అన్నడు. తప్పేముంది, ఆయన పెద్దలు ఆయనకున్నరు. మెయిన్ రోడ్డు మీద వేరే బండినుంచి కరెంటు ఎక్కించే వైర్లు ఎవరి దగ్గరన్న దొరుకుతయేమో అని బయలుదేరిన. డిక్కీ గట్టిగ మూసిన, గేటుకు బయటికెంచి తాళం వేసిన. ఎదురింటి అవ్వ అరుగు మీద కూసోని బతుకమ్మకు గునుగు పూలు కట్టలు కడుతున్నది. జర మా గేటు దిక్కు చూస్తుండు అవ్వా, లోపల బియ్యమున్నయి అని చెప్పి పోయిన.

బ్యాటరీ దుకాణాలు మూసున్నయి. ఆటోలోళ్ళ దగ్గర గసొంటి వైర్లు లేవు. ఆడపిల్లలు తంగేడు పూలు మోసుకుంట, నవ్వుకుంట ఎదురొస్తున్నరు. వాళ్ళ మధ్యల నేను ఒట్టి చేతులతోని నడుసుకుంట వచ్చిన. అంత పండుగల ఇంటికి పోయి సాయం అడిగేందుకు నాకు ఒక్క మనిషి లేడు. మరిదికి ఫోన్ చేసి ఓడిపోయిన అని చెప్దామని ఫోన్ చేతిల పట్టుకొనే గేటు తాళం తీసిన.

ముందుగాల కనబడ్డది నీళ్ళు. బండి ముందటి భాగం కింద సిమెంటు మీద నీళ్ళు మడుగు కట్టినయి. చుక్క చుక్క ఇంక పడుతనే ఉన్నయి. ఎండకాలం అయినా వానకాలం అయినా ఏసీ నడిస్తే కిందికి కారే నీళ్ళే అవి.

హైబ్రిడ్ బండి నిలబడ్డప్పుడు చప్పుడు చెయ్యది. దగ్గరికి పోయి అద్దంల నుంచి చూసిన. పచ్చ లైటు వెలుగుతున్నది. రెడీ.

తలుపు తీస్తే సల్లటి గాలి మొఖానికి కొట్టింది. నేను పొట్టిదాన్ని. సీటు మొత్తం ముందుకు జరుపుకొని, కింద మెత్త వేసుకొని కూసుంట. ఆ మెత్త పక్క సీటు మీద ఉంది. డ్రైవర్ సీటు చివరిదాక వెనక్కి పోయి ఉంది. మా ఆయన పొడుగు మనిషి. ఆయన కూసుంటే గట్లనే ఉండెటిది.

కీ నా పర్సుల ఉంది. ఉరికి ఇంట్లకు పోయి బీరువా చూసిన. రెండో కీ ఆయన వాచీ డబ్బల, సెల్లు తీసేసి పెట్టింది పెట్టినట్టే ఉంది. బయటికొచ్చి అవ్వను అడిగిన. "ఎవలు రాలే బిడ్డా, నేను లేవనే లేదు" అన్నది.

డిక్కీ తెరిచి మీటర్ పెట్టిన. ఎర్ర వైరు కదలకుండ రెండు చేతులతోని పట్టుకున్న.

"పధ్నాలుగు" అన్న.

అలవాటు మీద గట్టిగనే అన్న. ముందటి సీటు దిక్కు చూసిన. ఎవరూ కప్పు ఎత్తలే.

పోయి ఆ సీట్ల కూసున్న. కాళ్ళు పెడల్‌కు అందుతలేవు. భయం కాలే, నిజం చెప్తున్న. దుఃఖం గూడ కాదు. ఎవరో నా కోసం వచ్చి, నేను ఇంట్ల లేనని మర్లిపోయినట్టు అనిపించింది. గేటు తాళం వేసి ఎందుకు పోయిన, జర సేపు ఆగితే అయిపోతుండె కదా అని నా మీద నాకే కోపం వచ్చింది. అట్లనే కూసుండి పోదామనిపించింది. కాని పొద్దెక్కుతున్నది. బియ్యం వెనకున్నయి, ఎల్లారెడ్డిల మరిది చూస్తున్నడు. పోవాలంటే నా కాళ్ళు అందాలె. అందాలంటే సీటు జరపాలె.

జరిపిన.

తాడ్వాయి దాటి, లింగంపేట దాటి, చెట్ల మధ్యల రోడ్డు మీద నేను నడుపుకుంట పోయిన. అయ్యగారి ఇంటి ముందు బండి ఆపితే మరిది చెప్పులు గూడ వేసుకోకుండ వచ్చిండు. బండి సుట్టూ తిరిగి చూసి, గుమ్మడికాయ ఎత్తుకొని, "అన్న ఉంటే మస్తు ఖుష్ అవుతుండె వదినా" అన్నడు. ఆయన పేరు మీద బియ్యం ఇచ్చిండు. మళ్ళ ఎన్నడూ పిట్లం ముచ్చట తియ్యలే.

తర్వాత మెకానిక్ ఆ చిన్న బ్యాటరీకి లోడ్ పెట్టి చూసి, లోపల ఖరాబైంది, మార్చాలె అన్నడు. మార్పిచ్చిన. జర సేపు వాడకుండ ఉంచితే బ్యాటరీ కొంచెం కోలుకుంటదని నాకు తెలుసు. అంత కోలుకోదని గూడ తెలుసు. పోనీ కోలుకున్నదే అనుకుందం, నా కీ నా పర్సుల ఉండంగ బటన్ నొక్కిందెవరు? సీటు జరిపిందెవరు?

ఒక ప్రయోగం చేసి వచ్చిన ఫలితం నిజమైతే మళ్ళ చేసినా రావాలె అని క్లాసుల చెప్త. అందుకని ఎండకాలం సెలవులల్ల కావాలనే డిక్కీ మూత సందు ఉంచి వదిలేసిన. కొత్త బ్యాటరీ, తొందరగ దిగలే. రోజూ మీటర్ పెట్టి చూస్తున్న. ఆఖరికి పూరా పడిపోయింది. ఆ పొద్దు గేటుకు తాళం వెయ్యలే. రెండు కప్పుల చాయ్ పెట్టుకొని మెట్టు మీద కూసున్న. మాపటి దాక కూసున్న. బండి కింద సిమెంటు ఎండి ఉంది. చుక్క నీరు పడలే. రెండో కప్పు చెట్టుకు పోసి మెకానిక్‌కు ఫోన్ చేసిన. టీచరమ్మ అయ్యుండి డిక్కీ సక్కగ ఎయ్యరాదా అని కోప్పడ్డడు. పడ్డ.

ఇప్పుడు బేస్తారం పొద్దున నేనే రెడీల పెట్టి, నేనే దిగి వెనకకు పోయి, రీడింగు గట్టిగ చదువుత. ఆ పెత్రమాస నాడు ఏం జరిగిందో నాకు తెల్వది. తెలుసని ఎవరన్న చెప్తే గూడ నమ్మ. తెలిసింది ఒక్కటే, ఆయన కూసుండి పోయినట్టున్న సీటును ముందుకు జరిపింది నేనే.