మూడో గొట్టం

2022 ఫిబ్రవరి. రాజమండ్రిలో నేను సైలెన్సర్ల షాపు పెట్టి అప్పటికి ఇరవై రెండేళ్లు. లారీలు, ట్రాక్టర్లు, కడియం నుంచి మొక్కలు మోసుకెళ్లే వ్యాన్లు నా దగ్గరికి వస్తుంటాయి. తుప్పు పట్టిన గొట్టం కోసెయ్యడం, కొత్తది వెల్డింగ్ చేసి బిగించడం. ఇంజన్‌లో కాలిన పొగ బయటికి పోయే దారి వరకే నా పని. ఆ దారిలో నాకు తెలియనిది ఏమీ లేదనుకునేవాణ్ణి.

ఆ రోజు పొద్దున ఒక చిన్న లారీ షాపు ముందు ఆగింది. టార్పాలిన్ తీస్తే లోపల ఆకుపచ్చ కారు. రెండే సీట్లు, పైకప్పు లేదు, ఎత్తు నా నడుము దాటదు. అరవైల నాటి బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. అలాంటిదాన్ని ఫోన్‌లో చూడటమే గానీ చేత్తో తాకింది అదే మొదలు. లారీ వెనకే వేరే కారులో ఒక పెద్దావిడ వచ్చి దిగారు. నేత చీర, చేతికర్ర. ఎడమ కాలు కొద్దిగా ఈడుస్తున్నారు.

"సత్తిబాబు గారంటే మీరేనాండి?"

"నేనేనండి. మీ డ్రైవర్ రాలేదాండి? బండి దింపాలి కదా."

"ఆ బండికి డ్రైవర్ని నేనే" అన్నారావిడ.

పేరు రాజ్యలక్ష్మి గారు. డెబ్బై రెండేళ్లు. భీమవరం దగ్గర రొయ్యల చెరువులు ఉన్నాయి, ఆవిడే చూసుకుంటారు. పనుల మీద ఇక్కడికి వచ్చిన ఒక విదేశీ ఇంజనీరు తన దేశం వెళ్లిపోతూ ఆ కారుని వాళ్ల నాన్నగారికి అమ్మాడట. పదిహేడేళ్ల వయసులో ఆవిడ దాని మీదే డ్రైవింగ్ నేర్చుకున్నారు, కాలవ గట్టు మీద. తర్వాత చాలా ఏళ్లు నడిపారు. ఈ ముప్పై ఏళ్లుగా మాత్రం అది రైసు మిల్లు షెడ్డులో పడి ఉంది. ఈమధ్యే ఇంజన్ పని చేయించారు. మిగిలింది మానిఫోల్డ్ ఒక్కటే.

ఇంజన్‌కి నాలుగు సిలిండర్లుంటే పొగ నాలుగు చోట్ల నుంచి బయటికి వస్తుంది. ఆ నాలుగింటినీ కలిపి ఒక గొట్టంలోకి పంపే పోత ఇనుప ముక్కని మానిఫోల్డ్ అంటాం. ఆ కారుది నిలువునా పగిలింది.

"విప్పడం కుదరక ఇంజన్ మీదే రెండుసార్లు అతికించానండి. వేడెక్కగానే మళ్లీ విచ్చుకుంటోంది. అందుకే హెడర్స్ తెప్పించాను. రెండు రకాలున్నాయంటే రెండూ తెప్పించా. ఏది వెయ్యాలో మీరు చెప్పండి" అంటూ రెండు అట్టపెట్టెలు చూపించారు.

హెడర్స్ అంటే మానిఫోల్డ్ బదులు సిలిండర్‌కి ఒక గొట్టం చొప్పున, నాలుగూ ఇంచుమించు ఒకే పొడవు వచ్చేలా వంచి చేసినవి. ఒకదాని పొగ ఇంకోదానికి అడ్డు రాదు. పైగా ముందు వెళ్లేది వెనక వచ్చేదాన్ని లాక్కుపోతుంది. ఇంజన్ తేలిగ్గా ఊపిరి వదులుతుంది. మొదటి పెట్టెలో ఉన్నది నాలుగు గొట్టాలూ ఒకేచోట కలిసే రకం. అది పందేలకి బాగుంటుంది, ఇంజన్ బాగా తిరిగినప్పుడే దాని బలం తెలుస్తుంది. రెండోదాంట్లో ఒకటీ నాలుగూ ఒక జత, రెండూ మూడూ ఒక జత. ఆ తర్వాత రెండు జతలూ ఒకటవుతాయి. మధ్య వేగంలో హాయిగా లాగుతుంది.

"మీరు పందేలకి వెళ్తారాండి?" అనడిగాను.

"మోకాలు చూస్తున్నారుగా."

"అయితే రెండోదేనండి. మొదటిది బాగా కిందికి వేలాడుద్ది కూడా. మన ఊళ్ల స్పీడ్ బ్రేకర్లకి వారంలో నలిగిపోద్ది."

ఆవిడ తల ఊపి, అసలు విషయం అప్పుడు చెప్పారు. ఎడమ మోకాలికి పదిహేను రోజుల్లో ఆపరేషన్. ఆ కారు క్లచ్ చాలా బరువు. ఆపరేషన్ అయ్యాక ఆ క్లచ్ జోలికి వెళ్లొద్దని డాక్టరు గారు ముందే చెప్పేశారు. "ఈలోగా ఒక్కసారి గోదావరి దాటి రావాలండి. ముప్పై ఏళ్లయింది దాన్ని నడిపి."

పాత మానిఫోల్డ్ విప్పడానికే నాలుగు రోజులు పట్టింది. దాన్ని ఇంజన్‌కి పట్టి ఉంచే మరలు, వాటిని స్టడ్లు అంటాం, వాటి నట్లూ అరవై ఏళ్ల వేడికీ తుప్పుకీ లోహంలో లోహంగా కలిసిపోయాయి. విరిగితే ఆ ఇంజన్ హెడ్‌కి ఇంకో ముక్క మన దేశంలో దొరకదు. రోజుకి రెండుసార్లు నూనె పట్టించి, మెల్లగా వేడి చేసి, పావు చుట్టు తిప్పి వదిలేసేవాణ్ణి. మర్నాడు ఇంకో పావు. నాలుగో రోజు ఆఖరి నట్టు ఊడి చేతిలోకి వచ్చినప్పుడు కాసేపు నేల మీదే కూర్చుండిపోయాను.

ఐదో రోజు హెడర్ ఎత్తి పెట్టి చూశాను. మూడు గొట్టాలు కొలిచినట్టు కూర్చున్నాయి. వరసలో మూడో సిలిండర్‌ది మాత్రం స్టీరింగ్ కడ్డీకి తగులుతోంది. సంగతి అప్పుడు అర్థమైంది. ఆ హెడర్స్ చేసింది ఎడమవైపు స్టీరింగ్ ఉండే దేశాల కార్ల కోసం. మనది కుడివైపు.

ఇలాంటప్పుడు షాపుల్లో అందరం చేసేది ఒక్కటే. తగిలేచోట గొట్టాన్ని ఎర్రగా కాల్చి, సుత్తితో లోపలికి ఒక నొక్కు. రాజ్యలక్ష్మి గారికి ఫోన్ చేసి అదే చెప్పాను. ఆవిడ భీమవరం నుంచి వచ్చి, బానెట్ పక్కన స్టూలు వేయించుకుని కూర్చున్నారు.

"నొక్కితే ఏమవుద్దండి?"

"ఆ ఒక్క గొట్టంలో దారి కొంచెం ఇరుకవుద్దండి. నడిపేటప్పుడు మీకేమీ తెలియదు."

"నాకు తెలియకపోవచ్చు. మీకు తెలుస్తుందా?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "తెలుస్తుందండి."

"అయితే వద్దండి. ఇంకేదన్నా దారి చూడండి."

ఇంకో దారి ఉంది. ఆ గొట్టం కోసేసి, అదే పొడవుతో కొత్తది వేరే వంపు తిప్పి అతకాలి. అయితే ఆ వంపు ఒకటి కాదు. ముందు కిందికి దిగాలి, తర్వాత ఇంజన్ వైపు ఒరగాలి, కడ్డీని దాటాక మళ్లీ బయటికి రావాలి. నా మెషీన్ ఒకే తీరు వంపు వేస్తుంది, అదీ గొట్టాన్ని కాస్త నలిపి. ముక్కలు ముక్కలుగా కోసి అతికితే లోపలంతా వెల్డింగ్ గరుకు మిగులుతుంది. రెండు రోజులు ఇనుప తీగతో ఆకారాలు వంచుకుంటూ గడిపాను. తీగకి సాధ్యమైంది గొట్టానికి ఎలా అన్నదే తెలియలేదు.

లాంచీలు బాగుచేసే స్నేహితుడొకడు చెప్పాడు. "ధవళేశ్వరంలో నూకరాజు మేస్త్రి ఉన్నాడు కదా. ఒకప్పుడు లాంచీ ఇంజన్ల పొగ గొట్టాలన్నీ ఆయన వంచినవే. మెషీన్ లేకుండా."

వెళ్లేసరికి నూకరాజు గారు అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నారు. ఎనభై దాటిన మనిషి. భుజాలు రెండూ పడిపోయాయి, చెయ్యి చెవి దాకా కూడా లేవదు. పని మానేసి ఇరవై ఏళ్లట. నా తీగ అందుకుని వేళ్ల మధ్య తిప్పి చూశారు.

"బండెక్కడుంది అబ్బాయ్?"

"షాపులో ఉందండి."

"పద. తీగ చూసి గొట్టం వంచేది ఎక్కడన్నా ఉందా?"

కారు దగ్గర ఒక పూటంతా ఆయన ఏమీ చెయ్యలేదు. వంగి చూశారు, ఇంజన్‌ని పట్టుకుని ఊపమన్నారు, అది ఎటు ఎంత కదులుతుందో చూశారు. చివరికి నా తీగని ఒకచోట కొంచెం విప్పదీసి ఇచ్చారు. "ఇంజన్ వణుకుద్ది. కడ్డీకీ గొట్టానికీ మధ్య బొటనవేలు పట్టాలి. నువ్వు చిటికెన వేలు పెట్టావు."

తర్వాత ఇసక తెమ్మన్నారు. గోదావరి ఇసక, జల్లెడ పట్టింది. కడిగించి, ఇనుప రేకు మీద వేయించారు. గుప్పెట్లోంచి వదిలితే నీళ్లలా జారేదాకా వేయించమన్నారు. "తడి ఉంటే ఆవిరై గొట్టం పేలుద్ది" అన్నారు. గొట్టం ఒక చివర చెక్క బిరడా కొట్టి, ఆ ఇసకని అందులో పోసి, చెక్క సుత్తితో పై నుంచి కింది దాకా తడుతూ కూరమన్నారు. డొల్ల మోత పోయి రాయి మోత వచ్చేదాకా. నిండాక రెండో చివరా బిరడా కొట్టాం. లోపల ఇసక నిండుగా ఉంటే వంచేటప్పుడు గొట్టం నలగదు. నేను గ్యాస్ మంట వెలిగించబోతే వద్దన్నారు. కొబ్బరి చిప్పల బొగ్గుతో కొలిమి వేయించారు. మిట్టమధ్యాహ్నం షట్టర్లన్నీ దింపించారు.

"ఎందుకండీ చీకటి?"

"ఎండలో ఎరుపు అబద్ధం చెప్పుద్ది."

ఆయన లాగలేరు కాబట్టి లాగాల్సింది నేను. ఆయన చూస్తారు. గొట్టం ఎరుపెక్కింది. "ఇప్పుడు" అన్నారు. లాగాను. "ఆపు" అన్నారు. నాకు ఇంకా వంపు చాలలేదనిపించి, ఒక్క క్షణం ఎక్కువ లాగాను. అంతే. వంపు లోపలివైపు చర్మం ముడత పడ్డట్టు ముడత పడింది.

నూకరాజు గారు కోప్పడలేదు. "నీ కన్ను వంపు చూస్తోంది. నేను రంగు చూస్తున్నాను. రంగు పోయాక లాగితే ఇనుము ఒప్పుకోదు" అన్నారు.

ఆ మందం గొట్టం నా దగ్గర ఇంకొక్కటే ఉంది. ఆపరేషన్‌కి మూడు రోజులుంది. రాజ్యలక్ష్మి గారు స్టూలు మీద కూర్చుని అంతా చూస్తున్నారు. "కానివ్వండి" అన్నారు, అంతే.

రెండోసారి నేను వంపు చూడటం మానేశాను. ఆయన గొంతు మాత్రమే విన్నాను. "ఇప్పుడు. మెల్లగా. ఇంకా. ఇంకా. ఆపు." ఆపాను. మళ్లీ కొలిమిలో పెట్టాం, వేరేచోట ఎర్రబడింది. "ఇప్పుడు. నీ వైపు తిప్పుతూ లాగు. ఆపు." మొత్తం మూడు చోట్ల, మూడు దిక్కులు. చేతుల్లో ఇనుము మైనంలా ఒదిగి వచ్చింది. ఇరవై రెండేళ్లు ఇనుముతోనే బతికినవాణ్ణి. అది అంత మెత్తగా మాట వింటుందని అప్పటిదాకా తెలియదు.

చల్లారాక ఇసక దులిపి, తీగ పక్కన పెట్టాను. తీగ గొట్టం వీపు మీద ఎక్కడా లేవకుండా పడుకుంది.

పొడవు సంగతి తేలాలి. హెడర్ నుంచి కోసి తీసిన పాత మూడో గొట్టానికి ఒక చివర మూసి నిండా నీళ్లు పోశాను. ఆ నీళ్లనే గిన్నెలోకి వంచి, కొత్త గొట్టంలో పోశాను. రెండూ ఒకే లావు గనక నీళ్లు సరిపోతే పొడవూ సరిపోయినట్టే. అంచుదాకా వచ్చాయి. గిన్నె అడుగున ఒక గుక్కెడు మిగిలాయి. టేపు లేదు, లెక్క లేదు. మూడు వంపులు తిరిగిన గొట్టం, అంతా ఒక ముసలాయన కంటి కొలత. నేను ఆ గిన్నెని అలాగే పట్టుకుని నిలబడ్డాను. రాజ్యలక్ష్మి గారు కర్ర పక్కన పెట్టి ఆయనకి నమస్కారం చేశారు. ఆయన ఇబ్బంది పడిపోయి, "అయ్యో, అదేంటమ్మా, కూర్చోండి" అన్నారు.

వెల్డింగ్ నాదే. మర్నాడు కొత్త గాస్కెట్ వేసి, అంటే ఇంజన్‌కీ హెడర్‌కీ మధ్య పొగ తప్పించుకోకుండా ఉండే పలక, నట్లన్నీ మధ్య నుంచి అంచులకి వరసగా బిగించాను. కడ్డీ పక్కన బొటనవేలు పెట్టి చూశాను. పట్టింది.

స్టార్ట్ చేశాక పది నిమిషాలు కొత్త గొట్టాల మీది నూనె కాలి షాపంతా పొగ. అది పోయాక శబ్దం మిగిలింది. వెనక సైలెన్సర్ ఉంది, పెద్ద మోత కాదు. లోతుగా, గుండ్రంగా, ఎక్కడా చిల్లు లేని శబ్దం. పక్క షాపుల వాళ్లు పని ఆపి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

ఆదివారం ఉదయం, ఆపరేషన్‌కి ముందు రోజు. ఉన్నది రెండే సీట్లు. రాజ్యలక్ష్మి గారు నా వైపు చూశారు. "మేస్త్రిగారిని కూర్చోబెట్టండి" అన్నాను.

కొవ్వూరు వెళ్లే వంతెన మొదట్లో నిలబడి విన్నాను. కింద రైలు, పైన రోడ్డు ఉన్న వంతెన అది. ఆదివారం పొద్దున గనక బళ్లు తక్కువ. ఆవిడ గేరు మార్చిన ప్రతిసారీ నాకు వినపడింది. ఒక్కసారి కూడా గేరు పళ్లు కరకరలాడలేదు. ఆ మోకాలితో, ఆ బరువు క్లచ్‌తో. వేగం పెరుగుతున్న కొద్దీ నాలుగు సిలిండర్ల దెబ్బలూ దగ్గరగా జరిగి, ఒక చోట ఒకే స్వరమైపోయాయి. ఆకుపచ్చ చుక్క కనపడకుండా పోయాక కూడా అది గోదావరి మీద చాలాసేపు వినపడింది. నా పని పొగ బయటికి పోయే దారి వరకే అనుకున్నవాణ్ణి, ఆ దారి చివర ఇది ఉందని ఇన్నేళ్లూ వినలేదు.

అరగంటలో తిరిగి వచ్చారు. ఆవిడ ముఖం ఎండకీ గాలికీ ఎర్రబడింది. స్టీరింగ్ వదలకుండా అలాగే కూర్చున్నారు. నూకరాజు గారిని నేను చెయ్యి పట్టి దింపాను.

"ఎలా ఉందండీ మేస్త్రిగారూ?"

"మూడోది ఎక్కడన్నా వినపడుద్దేమోనని వెళ్లినంతసేపూ చూశాను అబ్బాయ్. వినపడలేదు. మిగతావాటిలో కలిసిపోయింది. ఏది మనదో తెలియట్లేదు."

అంత సంతోషంగా చెప్పారాయన ఆ మాట.

ఆపరేషన్ బాగా జరిగింది. ఇప్పుడు ఆ కారు రాజ్యలక్ష్మి గారి మేనకోడలు నడుపుతోంది. ఆవిడ పక్క సీట్లో కూర్చుని గేరు ఎప్పుడు మార్చాలో చెబుతుంటారట.

నాకు మిగిలింది ఇది. కస్టమర్ గొడవ పెట్టడానికి వెనక్కి రాకపోతే పని బాగున్నట్టేనని ఇరవై రెండేళ్లు అనుకున్నాను. పైన నా వెల్డింగ్ అతుకు మెరుస్తుంటే గర్వపడేవాణ్ణి కూడా. ఇప్పుడు ఏ బండి పని చేసినా, స్టార్ట్ చేసి కళ్లు మూసుకుని వింటాను. నేను వేసిన ముక్క ఎక్కడుందో నా చెవికి దొరికిందంటే, విప్పి మళ్లీ చేస్తాను.