మల్లన్నకు చదవని వాక్యం

పదేండ్ల సంది ఒక్క వాక్యం నా మీద బరువై కూసున్నది. పెద్దది సుత కాదు, కాయితం మీద వరుసన్నర. నా భార్యకు చెప్పలే. మీరు నన్నెరుగరు, నా పేరుతోని మీకు పని లేదు. అందుకే మీకు చెప్తున్న.

నేను వరంగల్ల ఒక జిన్నింగ్ మిల్లుల గుమాస్తాను. మట్టెవాడ నుంచి సైకిల్ మీద పోయొస్త. మా సేటు దగ్గర ఇంగ్లీషు చదివేటోన్ని నేనొక్కన్నే. అంతకుముందు సర్కారు కాయితాలు ఉర్దూల ఉండేటివి. కూలోళ్లకు చదవరాకపోయినా చెవిన పడితే సగం తెలిసేది. నిజాం రాజ్యం పోయి రాష్ట్రం మారినంక ఇంగ్లీషొచ్చింది. ఇగ నేనేం చెప్తే అదే కాయితం. ఆ గౌరవం మీద నాకు మస్తు మోజుండె, అబద్ధమెందుకు.

మల్లన్న మా మిల్లు హమాలి. నాకంటె పదేండ్లు పెద్ద. ఒకనాడు కేసముద్రం నుంచి పత్తి తెచ్చిన లారీని డ్రైవరు చూడకుంట ఎనుకకు తీసిండు. మల్లన్న కుడిచెయ్యి లారీకి గోడకు నడుమ పడ్డది. దవాఖానల మోచేతి పైదాంక తీసేసిండ్రు. లారీ మాది కాదు, బయటి ఆసామిది. తప్పు లారీదే. అందరం చూసినం.

పనిల దెబ్బ తాకితే కూలోనికి పరిహారం మిల్లు ఇయ్యాలె. మా మిల్లుకు బీమా ఉండె గనుక ఆ పైకం బీమా కంపెనీ ఇస్తది. ఇచ్చినంక, దాన్ని తప్పు చేసిన లారీ ఆసామి దగ్గర రాబట్టుకునే హక్కు కంపెనీకొస్తది. మల్లన్నకు రెండు తొవ్వలుండె. పరిహారం తీసుకునుడు, లేకుంటే తనే లారీ ఆసామి మీద దావా వేసుడు. ఒకటి పట్టుకుంటే రెండోది పోతది. దావా అయితే ఆలస్యమైతది గని, ఎక్కువొచ్చేది. హన్మకొండల ఒక వకీలు వేస్తనని మాట సుత ఇచ్చిండు. గెలిస్తే చిన్న కిరాణా కొట్టు పెట్టుకుంటనని, ఒక్క చేత్తోని తూకం వేయొచ్చని మల్లన్న అందరికి చెప్తుండె.

కంపెనీ మనిషి హైదరాబాదు నుంచి ఒప్పందం కాయితం తెచ్చిండు. కాజీపేటల సాయంత్రం రైలుబండి అందుకోవాలని మాటిమాటికి గడియారం చూస్తాండు. నేను ఒక్కో వాక్యం తెలుగుల చెప్పుకుంట వచ్చిన. చివరి వాక్యం కాడ ఆగిన. ఇది చెప్తే మల్లన్న వకీలును అడిగొస్తనంటడు. బండి పోతది. సేటు నా దిక్కు ఒక చూపు చూస్తడు. ఇంతే.

మల్లన్నే అడిగిండు. "మున్షీ సాబ్, దీంతోని లారీ ఆయన మీద దావాకు అడ్డమేం లేదు గద?"

"ఆ సంగతి ఇందుల లేదు మల్లన్నా," అన్న. "ఏలు పెట్టు."

ఎడమ బొటనవేలుకు సిరా రాసి నేనే అదిమిన. కింద రివాజు ప్రకారం రాసిన: 'తెలుగులో చదివి వినిపించి, అర్థమయ్యేటట్టు చెప్పి, ఒప్పుకున్న తర్వాత వేలిముద్ర తీసుకోబడినది.' దాని కింద నా సంతకం. ఆ సంతకం చూసి, ఒప్పందాన్ని ఖాయం చేసే సర్కారు ఆఫీసరు మల్లన్నను ఏమీ అడగలే.

నాకెవరు లంచమియ్యలే. సేటు దాటేయమనలే. పైసలకు ఆశపడ్డనని చెప్పుకుందామంటే పైసల్లేవు, బెదిరిచ్చిండ్రని చెప్పుకుందామంటే ఎవరూ బెదిరియ్యలే, మరి ఎందుకు చేసినవురా అని అడుగుకుంటే నా దగ్గర దొరికేది ఒక మనిషి గడియారం చూసుడు మాత్రమే. దీన్ని ఏమంటరు?

తర్వాత కంపెనీ మా మిల్లు పేరు మీద లారీ ఆసామి మీద దావా వేసింది. మల్లన్నను సాక్షిగ పిలిచిండ్రు. జడ్జీ ముందట అంగీ మడిచి మొండిచెయ్యి చూపించిండు. ఆ దావా తనదే అనుకున్నడు, ఇగ హన్మకొండ వకీలు దగ్గరికి పోలే. నేను వెనుక బల్ల మీద కూసున్న. చెప్పొచ్చు. చెప్పలే.

గెలిచినంక ఉతికిన ధోతి కట్టుకొని ఆఫీసుకొచ్చిండు, మన పైకం ఎప్పుడొస్తదని. పై నుంచి కాయితం రావాలన్న. రెండేండ్లు అట్లనే తిప్పిన. వచ్చేటోడు, స్టూలు మీద కూసునేటోడు, నేను తెప్పించిన చాయ్ తాగి పోయేటోడు. ఒక్కసారన్న నా మీద అనుమానపడితే బాగుండు అనుకునేటోన్ని. పడలే. పరిహారం దవాఖానకు, తిండికి అయిపోయింది. మూడో ఏడు మల్లన్న జరమొచ్చి పోయిండు. ఇప్పుడు ఆయన భార్య లసుమమ్మ మా మిల్లుల్నే పత్తి ఏరుతది. పండుగకు పండుగకు నన్నడుగుతది, కాయితమొచ్చిందా అని.

ఆమెకు చెప్తనా? తెలువది. నౌకరి పోతదని భయమా, ఆమె ముఖం చూడాల్సొస్తదని భయమా, అది సుత తెలువది. ముందుగాల మీకు చదువుతున్న. ఆ వాక్యం నాకు కంఠతా వచ్చు: 'ఈ పరిహారం తీసుకున్న తర్వాత లారీ యజమాని మీద దావా వేసే హక్కు నాకు ఉండదు, అతని దగ్గర రాబట్టినది ఏదీ నాకు చెందదు.'

చదివిన. జర ఊపిరాడుతాంది, అంతకంటె ఏం కాలే. ఆనాడు బండికి ఇంకా గంట టైముండె.