సీమోను గారి ఉడుకు ఇంజను

సీమోను గారి బండి ఎక్కేవాళ్ళకు ఒక సంగతి ముందే తెలిసి ఉండాలి: ఆ ఇంజను వేడెక్కుతుంది. ఎండాకాలం వేడెక్కుతుంది, వానాకాలం వేడెక్కుతుంది, ఎత్తు మీద వేడెక్కుతుంది, పల్లంలో మరీ వేడెక్కుతుంది. గుడివాడ నుంచి బందరు చేరేలోపు ఆయన బానెట్టు ఎత్తలేదంటే ఆ వేళ బండి ఇంకెవరో నడిపారని అర్థం.

అది మామూలు బండి కాదు. ఎవరో పాత ఇనుము కింద వదిలించుకున్న బస్సును తెచ్చి, సీట్లు పీకి, రెండు మంచాలు బిగించి, మూలన కిరసనాయిలు పొయ్యి పెట్టి, కిటికీలకు పూల తెరలు కట్టించారు. ఆ రోజుల్లో చక్రాల మీద ఇల్లు చూసినవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. ఊరంతా దాన్ని ‘ఇల్లుబండి’ అనేది. సీమోను గారు రైసుమిల్లులో ఇంజను చూసే మనిషి. ఆయన చేతికింద మిల్లు ఇంజను ఒక్కనాడు మొరాయించి ఎరగదు. సొంత బండి దగ్గరకొచ్చేసరికి ఏమయ్యేదో మరి!

“అయ్యయ్యో, ఉడికిపోతోంది!” అంటూ ఏ కాలవగట్టునో, ఏ తుమ్మల చాటునో ఆపేవారు. ఆపడం ఆలస్యం, మగవాళ్ళందరినీ ముందుకు పిలిచేవారు. ఒకరి చేతికి గుడ్డ, ఒకరి చేతికి చెంబు, ఇంకేమీ లేకపోతే గొడుగు.

“అందరూ ఇటే చూడండయ్యా! ఒక్కళ్ళు వెనక్కి తిరిగినా బోల్టు పోద్ది.”

బోల్టు పోతుందన్న భయంతో పెద్దపెద్ద మీసాలవాళ్ళు కూడా ఆ ఇంజన్లోకి తొంగిచూస్తూ నిలబడిపోయేవారు. మంగినపూడి సముద్రానికి వెళ్ళినా ఇదే వరస, పాలకాయతిప్పకు వెళ్ళినా ఇదే వరస.

ఈ భాగోతంతో అందరికన్నా ఎక్కువ విసిగినవాడు ఆయన బావమరిది కాంతారావు. బందరు తాలూకాఫీసులో గుమాస్తా. నిద్రలో కూడా చేతిగడియారం విప్పని మనిషి.

“మిల్లులో పేరున్న మనిషి, సొంత ఇంజను బాగుచేసుకోలేరా బావగారూ?”

“మిల్లు ఇంజను మగది కాంతారావూ. ఇది ఆడది. దీని బాధ దీనిది,” అనేవారు సీమోను గారు, గుడ్డ పిండుతూ.

ఒక క్రిస్మస్ సెలవుల్లో ఇల్లుబండి ఎత్తిపోతల జలపాతానికి బయల్దేరింది. బయల్దేరింది కాంతారావు తల్లి సత్యవతమ్మ కోసం. ఆవిడ పుట్టిందీ పెరిగిందీ దివిసీమలో. కాలవ నీళ్ళు ఎటు పోతున్నాయో తెలియాలంటే గడ్డిపరక వేసి చూడాల్సిన చోటు. “నీళ్ళు పైనుంచి దూకుతాయంటగా! ఒక్కసారి చూసి పోతే చాలు,” అని ఏళ్ళ తరబడి అంటోంది. తీరా కాంతారావు బస్సు ఎక్కించబోతే మోకాలు నొప్పనో, పిల్లికి పాలెవరు పోస్తారనో వంక పెట్టి ఆగిపోయేది. అల్లుడి బండి అనేసరికి మాత్రం అందరికన్నా ముందు ఎక్కి కూర్చుంది. ఈసారి అమ్మకు ఆ నీళ్ళు చూపించి తీరాలని కాంతారావు పట్టు.

కూతురు కనకరత్నం, కోడలు ప్రభావతి అరిసెల డబ్బా తీశారు. సత్యవతమ్మ కీర్తనలు ఎత్తుకుంది. ఆవిడ పాట ఎక్కడో చరణం మధ్యలో ఆగేది. కాసేపటికి ఇంజను వేడెక్కేది. మాచర్ల చేరేసరికి కాంతారావు గడియారం చూసుకోవడం కూడా మానేశాడు.

మర్నాడు పొద్దున్నే మాచర్లలో చలి ఎముకలు కొరికింది. నోరు తెరిస్తే పొగ. కాంతారావు మఫ్లరులోంచి కళ్ళు మాత్రం బయటపెట్టి, “ఇవాళ నేను నడుపుతా,” అన్నాడు. ఆఫీసు జీపు మీద నేర్చిన విద్య.

“నడుపు. మధ్యలో ఒకసారి ఆపు. వేడెక్కుద్ది.”

“నా పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే మీ ఇంజనుకు వేడెక్కడిదండీ? ఎత్తిపోతల దాకా ఆపేది లేదు!”

బండి గతుకుల్లో ఎగిరెగిరి పడింది. కొంతదూరం పోయాక పాట ఆగింది.

“కాంతారావూ, ఉడుకుతోందయ్యా!”

“నా కాళ్ళు గడ్డకడుతున్నాయి బావగారూ!”

ఆపలేదు. తిన్నగా జలపాతం దగ్గర, జనం మధ్యకు తెచ్చి నిలిపాడు. అందరూ దిగారు. సత్యవతమ్మ దిగలేదు.

“మీరు చూసి రండి నాయనా. నాకొద్దు.” మంచం కోడు గట్టిగా పట్టుకుని ఉంది. మొహం పాలిపోయింది.

“అదేంటమ్మా! చప్పుడు వినపడట్లా? నాలుగడుగులు!”

“చలిగా ఉంది. ఇంటికి పోదాం పద.”

కాంతారావుకు ఏడుపొచ్చినంత పనైంది. ఇన్నేళ్ళ కోరిక, ఇంత దూరం వచ్చి, గుమ్మంలో ఆగిపోయింది. ఎందుకో తెలియదు.

“జరుగు, జరుగు! ఇంజను పేలేట్టుంది!” అంటూ సీమోను గారు స్టీరింగు లాక్కున్నారు. అందరినీ మళ్ళీ ఎక్కించి, వచ్చిన దారినే వెనక్కి నడిపి, దట్టమైన పొదల పక్కన ఆపారు. “కాంతారావూ, ముందుకు రా. గుడ్డ పట్టు.”

కాంతారావు పళ్ళు నూరుకుంటూ వెళ్ళాడు. బానెట్టు లేచి ఉంది. పేలిపోయే ఆ ఇంజను మీద రెండు అరచేతులూ ఆనించి సీమోను గారు హాయిగా చలి కాచుకుంటున్నారు.

“ఇదా ఉడకడం?” అని అరవబోయాడు. అంతలో పొదల వెనక నుంచి తల్లి పాట వినిపించింది, ఆగిన చరణం దగ్గర్నుంచి. తల తిప్పబోయాడు.

“ఇటు చూడు. బోల్టు పోద్ది.”

కాంతారావు ఇటే చూశాడు. మోకాలి నొప్పులూ, పిల్లి పాలూ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

“అమ్మ మీతో చెప్పిందా?”

“అల్లుడితో చెప్పే మాటా అది? పాట ఆగుద్దిగా.”

“కొడుకుని, నాకు తెలియలేదు బావగారూ.”

“నీకు గడియారం చూసుకోడంతోనే సరిపోద్ది. నువ్వూ చేతులు పెట్టు, వెచ్చగా ఉంది.”

కాంతారావు చేతులు పెట్టాడు. సిగ్గూ, ఆ మనిషి మీద చెప్పలేనంత ప్రేమా ఒకేసారి పొంగుకొచ్చాయి.

తర్వాత సత్యవతమ్మ జలపాతాన్ని కళ్ళారా చూసింది. “ఓరి దేవుడో, ఎన్ని నీళ్ళు! ఎవరు పోస్తున్నారే ఇన్ని నీళ్ళు!” అని చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. చాలాసేపు కదలలేదు. ఆ హోరు వింటూ వింటూ ఉన్నట్టుండి ఇబ్బందిగా కదిలింది. అల్లుడితో ఏదన్నా కూతురి చేతే చెప్పించే మనిషి, ఆ వేళ తనే తిరిగి, అందరి ముందూ పైకి అనేసింది.

“అల్లుడు గారూ, ఈ చప్పుడు వింటుంటే మళ్ళీ వచ్చేట్టుందండీ!”

ప్రభావతి కొంగు నోట్లో కుక్కుకుని, “నాక్కూడా అత్తయ్యా,” అంది. “హమ్మయ్య, ఎవరో ఒకరు అన్నారు!” అంది కనకరత్నం. ముగ్గురూ పట్టలేక నవ్వుతూ బండి వైపు నడిచారు.

అప్పటికే కాంతారావు పరుగెత్తి బండెక్కాడు. ఆ చప్పుడు మగవాళ్ళకూ వినపడుతుంది మరి.