పడుగుకు ఇంగ్లీషు

డెబ్బైల చివర ఆదోని కాలేజీలో చదివినన్నాళ్లూ నాకు ఇంగ్లీషంటే పంతం. ఎమ్మిగనూరు నుంచి రోజూ బస్సులో పోయేదాన్ని. తరగతిలో నేను నోరు తెరిస్తే చాలు, పత్తి వ్యాపారుల పిల్లలు మూతి మూసుకుని నవ్వేవాళ్లు. వాళ్లకు రాని మాటలు నాకు రావాలి, అంతే. పాత పుస్తకాల అంగడిలో అట్ట ఊడిన డిక్షనరీ కొనుక్కుని, ఇంట్లో నాయన నేతకు నూలు కండెలు చుట్టేటప్పుడు రాట్నం పక్కన పెట్టుకుని బట్టీ పట్టేదాన్ని. సులువైన మాట కనబడితే పేజీ తిప్పేయడమే. మాగ్నానిమస్, యుబిక్విటస్, పెర్‌స్పికేషస్! నాలుక తిరగనిదైతేనే నాకు తృప్తి. గుంటమగ్గంలో కూర్చున్న నాయన ఏమీ అర్థం కాకపోయినా మురిసిపోయేవాడు.

నా డిగ్రీ అయ్యేసరికి నాయనకు చూపు మందగించింది. తెగిన పోగు కంటికి ఆనేది కాదు. ఇంట్లో ఇంకో సంపాదన లేదు. ఆదోనిలో ఒక పత్తి మిల్లుకు ఇంగ్లీషు ఉత్తరాలు రాసే గుమాస్తా కావాలని తెలిసి అర్జీ పెట్టాను. ఆ ఉద్యోగం వస్తే నాయన మగ్గం దిగొచ్చు.

ఇంటర్వ్యూకు రమ్మన్న రోజే మా ఇంటి పడుగు వంతు వచ్చింది. నేతకు నిలువుగా వేసే పోగులను వీధి పొడవునా సాగదీసి గంజి పెట్టాలి. ఎవరి పడుగైనా సరే, ఇంటికొకరు వచ్చి చేయి వేయాల్సిందే. ఎండ ముదరకముందే కుంచెలతో దువ్వకపోతే పోగులన్నీ అంటుకుపోతాయి. సొంత పడుగు వదిలిపెట్టి పోవడం మా వీధిలో ఎవరూ చేయరు. నేను గుమ్మంలోనే నిలబడిపోతే నాయన కసిరాడు.

"నువ్వు పో పాపా. ఈడ ఇంతమంది ఉండారు గదా. నీ పని ఆడ ఉంది."

మిల్లు మేనేజరు బొంబాయి నుంచి వచ్చిన పెద్దమనిషి. మీ ఇంట్లో ఏం పని చేస్తారని ఇంగ్లీషులోనే అడిగాడు. వీవింగ్ అన్నాను. ఆయన ముఖం వెలిగింది. తను చేతిమగ్గం నేత ఎన్నడూ చూడలేదట. పొద్దున్నుంచి మీ ఇంట్లో ఏం చేస్తారో చెప్పమన్నాడు.

అంతా నా కళ్ల ముందే ఉంది. పడుగు, కుంచెలు, గంజి కుండ, పక్కింటివాళ్ల తొందర. దేనికీ నా దగ్గర ఇంగ్లీషు లేదు. "లేబోరియస్" అన్నాను. ఆయన ఇంకా వింటున్నాడు. "వెరీ లేబోరియస్" అన్నాను. తెలుగులో చెప్పవచ్చా అంటే, బొంబాయికి ఉత్తరాలు కూడా తెలుగులోనే రాస్తావా అమ్మా అని మెల్లగా అడిగాడు. ఎగతాళి చేసి ఉంటే నాకు కోపమైనా వచ్చేది.

ఉద్యోగం రాదని బస్సెక్కకముందే తెలిసిపోయింది. ఇల్లు చేరేసరికి పడుగు ఆరింది, చుట్టేస్తున్నారు.

"ఏమి అడిగినారు పాపా?" అన్నాడు నాయన.

"మన పని గురించే అడిగినారు నాయనా."

మిగతాది చెప్పేలోపే నాయన వీధివైపు తిరిగాడు.

"వింటిరా! పొద్దున మీరంతా సేసిన పని మా పాప ఇంగ్లీషులో సెప్పి వచ్చినాది!"

అందరూ పని ఆపి నావైపు చూశారు. ఎదురింటి అవ్వ గంజి ఎండిన చేతులతోనే దగ్గరికొచ్చి నా బుగ్గలు పుణికింది.

"నన్ను గూడ సెప్తివా మ్మే?"

చెప్పానని తల ఊపాను. ఆదోనిలో రాని ఏడుపు అప్పుడొచ్చింది. సంతోషమనుకుని నాయన నవ్వుతున్నాడు.